రాత్రి అప్‌డేట్, పొద్దున్న ఎర్రర్: ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను మళ్లీ లేపే పద్ధతి

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది. అమెరికా పసిఫిక్ తీరంలో ఉదయం పదింటికి వదిలితే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అందుకే మన దగ్గర మెడికల్ షాపుల నుంచి, ల్యాబ్‌ల నుంచి, స్కూలు ఆఫీసుల నుంచి "సాఫ్ట్‌వేర్ ఓపెన్ అవ్వట్లేదండీ" అనే ఫోన్లు ఎక్కువగా బుధ, గురువారాల్లో వస్తాయి. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14 మధ్యే పడుతుంది. నెలవారీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేసేవాళ్లకు గడువు 11వ తేదీ. రెండూ ఒకే వారంలో కలిస్తే ఎంత టెన్షనో బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు తెలుసు.

ఈ మార్గదర్శి ఆ పొద్దున్న కోసం. విండోస్ కంప్యూటర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (డేటాను దాచి, అడిగినప్పుడు ఇచ్చే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్), దాని మీద ఏదో ఒక బిల్లింగ్ లేదా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, పక్కన రెండు మూడు క్లయింట్ సిస్టమ్‌లు. మన చిన్న వ్యాపారాల్లో కనిపించే అమరిక ఇదే. 2016 నుంచి 2022 దాకా ఏ వెర్షన్ ఉన్నా ఇక్కడ చెప్పిన వరుస పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. అప్‌డేట్ తర్వాత సర్వర్ లేవకపోతే మీ డేటా పోయిందని కాదు. చాలా సందర్భాల్లో డేటా ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిని తెరవాల్సిన ప్రోగ్రామ్ మాత్రమే ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. నిజమైన నష్టం ఆ తర్వాత కంగారులో జరుగుతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేయడం, ఫైళ్లు జరపడం, ఇంటర్నెట్‌లో దొరికిన రిపేర్ కమాండ్ కొట్టడం లాంటివన్నీ ఈ కంగారు పనులే. కాబట్టి కారణం తెలిసేదాకా దేన్నీ మార్చకండి.

మొదటి దశ: పది నిమిషాలు ఆగండి, పదే పదే రీస్టార్ట్ చేయకండి

ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు అప్‌డేట్ పడితే ప్రోగ్రామ్ ఫైళ్లు మారడంతో పని పూర్తికాదు. ఆ తర్వాత సర్వీస్ (తెర వెనక నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రోగ్రామ్) మొదటిసారి లేచినప్పుడు మాస్టర్, ఎంఎస్‌డీబీ లాంటి సిస్టమ్ డేటాబేస్‌ల మీద కొన్ని అప్‌గ్రేడ్ స్క్రిప్ట్‌లు నడుస్తాయి. అవి నడుస్తున్నంతసేపూ మామూలు యూజర్లను లోపలికి రానివ్వదు. "సర్వర్ స్క్రిప్ట్ అప్‌గ్రేడ్ మోడ్‌లో ఉంది, అడ్మినిస్ట్రేటర్ మాత్రమే కనెక్ట్ కాగలరు" అనే అర్థంతో 18401 నంబర్ ఎర్రర్ వస్తుంది. అది కనిపిస్తే అసలు సమస్యే లేదు, పని జరుగుతోందని అర్థం. పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషిన్‌లో కొంచెం ఎక్కువ సమయం పట్టవచ్చు. సరిగ్గా ఆ సమయంలో పవర్ బటన్ నొక్కితే మాత్రం లేని సమస్య తెచ్చుకున్నట్టే.

రీస్టార్ట్ చేయొద్దని అనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. సర్వీస్ మొదలైన ప్రతిసారీ ఎస్‌క్యూఎల్ సర్వర్ కొత్త ఎర్రర్‌లాగ్ ఫైల్ (తను చేసిన పనులు, ఎదురైన ఎర్రర్లు రాసుకునేది) తెరుస్తుంది. ఇప్పటిది కాకుండా పాతవి ఆరు మాత్రమే ఉంచుకుంటుంది, అంతకంటే పాతవి చెరిగిపోతాయి. రాత్రి అప్‌డేట్ పడిన క్షణంలో ఏం జరిగిందో రాసి ఉన్న లాగ్ ఆ ఆరింటిలోనే ఎక్కడో ఉంటుంది. "ఇంకోసారి చూద్దాం" అంటూ ఏడెనిమిది సార్లు స్టార్ట్ కొడితే ఆ ఆధారం పోతుంది.

రెండో దశ: ఏది అప్‌డేట్ అయిందో చూడండి

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు వెళ్లి అప్‌డేట్ హిస్టరీ తెరవండి. నిన్న, మొన్న తేదీలతో ఉన్నవన్నీ ఒక ఫొటో తీసుకోండి. అక్కడ కనిపించేది ప్రధానంగా మూడు రకాలు.

పేరులో ఎస్‌క్యూఎల్ సర్వర్ అని ఉంటే డేటాబేస్ ఇంజినే మారింది. ఇది "మైక్రోసాఫ్ట్ ఇతర ఉత్పత్తులకూ అప్‌డేట్లు తీసుకో" అనే ఆప్షన్ ఆన్‌లో ఉన్నప్పుడు వస్తుంది. మామూలు విండోస్ క్యుములేటివ్ అప్‌డేట్ మాత్రమే ఉంటే ఇంజిన్ మారలేదు. నెట్‌వర్క్, డ్రైవర్, ఫైర్‌వాల్ వైపు అనుమానించాలి. మొత్తం విండోస్ వెర్షనే మారి ఉంటే, ముఖ్యంగా 10 నుంచి 11కు, అది వేరే కథ. ఐదో దశలో దాని గురించి వివరంగా ఉంది.

మూడో దశ: ఏదైనా ముట్టుకునే ముందు కాపీ

సర్వీస్ ఆగిపోయి ఉన్న ఈ సమయమే డేటా ఫైళ్లు కాపీ చేసుకోవడానికి అనుకూలం. సర్వీస్ నడుస్తున్నప్పుడు ఆ ఫైళ్లు లాక్ అయి ఉంటాయి, మామూలు కాపీ కుదరదు. డేటా ఫోల్డర్ మొత్తాన్ని బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఎండీఎఫ్ (డేటా), ఎల్‌డీఎఫ్ (లావాదేవీల లాగ్) రెండు రకాల ఫైళ్లూ రావాలి. మీ బిల్లింగ్ డేటాబేస్‌తో పాటు మాస్టర్, ఎంఎస్‌డీబీ ఫైళ్లు కూడా తీసుకోండి. లాగిన్‌లన్నీ మాస్టర్‌లోనే ఉంటాయి. కట్ చేసి పేస్ట్ చేయకండి, కాపీ మాత్రమే.

సర్వీస్ నడుస్తూ క్లయింట్లు మాత్రమే కనెక్ట్ కాకపోతే మేనేజ్‌మెంట్ స్టూడియో (ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను చూసుకునే మైక్రోసాఫ్ట్ టూల్) లోంచి మామూలు బ్యాకప్ తీసుకుంటే చాలు.

నాలుగో దశ: సర్వీస్, ఆ తర్వాత ఎర్రర్‌లాగ్

స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని టైప్ చేసి తెరవండి. జాబితాలో ఎస్‌క్యూఎల్ సర్వర్ అనీ, బ్రాకెట్లలో ఇన్‌స్టాన్స్ (ఆ మెషిన్‌లో ఇన్‌స్టాల్ చేసిన ఒక్కో ఎస్‌క్యూఎల్ సర్వర్) పేరూ కనిపిస్తాయి. ఆ పేరు చాలా చోట్ల ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్ అని ఉంటుంది. స్టేటస్ రన్నింగ్ అని ఉంటే నేరుగా ఆరో దశకు వెళ్లండి. ఖాళీగా ఉంటే ఒక్కసారి, ఒక్కసారే స్టార్ట్ కొట్టి చూడండి.

చేత్తో కొడితే వెంటనే లేచి, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు మాత్రం దానంతట అది లేవకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ లాగ్‌లు చూపించే టూల్) సిస్టమ్ విభాగం చూడండి. 7000, 7009 నంబర్లతో, 30000 మిల్లీసెకన్ల గడువు దాటిందని ఉంటుంది. బూట్ సమయంలో అప్‌డేట్ పనులన్నీ డిస్క్‌ను ఆక్రమించడంతో సర్వీస్‌కు ఆ ముప్పై సెకన్లు చాలలేదన్నమాట. సర్వీస్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్‌కు మార్చితే సరిపోతుంది.

లాగాన్ ఫెయిల్యూర్ అని 1069 వస్తే సర్వీస్ నడిచే అకౌంట్ పాస్‌వర్డ్ మారిందో, గడువు తీరిందో అయ్యుంటుంది. ఎవరో ఎప్పుడో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ పెట్టి వదిలేసిన చోట్ల ఇది వస్తుంది. మార్చేటప్పుడు సర్వీసెస్ విండోలో మార్చకండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో మార్చండి. కొత్త అకౌంట్‌కు కావలసిన ఫోల్డర్ పర్మిషన్లు, రిజిస్ట్రీ పర్మిషన్లు అదే ఇస్తుంది.

ఇవేవీ కాకపోతే ఎర్రర్‌లాగ్ చదవాల్సిందే. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువ సమయం పెట్టమనేది దీని మీదే. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫోల్డర్ తెరవండి. ఎంఎస్‌ఎస్‌క్యూఎల్ అని మొదలై పక్కన అంకె ఉన్న ఫోల్డర్ కనిపిస్తుంది. 13 అయితే 2016 వెర్షన్, 14 అయితే 2017, 15 అయితే 2019, 16 అయితే 2022. దాని లోపలి ఎంఎస్‌ఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో లాగ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎర్రర్‌లాగ్ అనే పేరుతో, ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా ఉన్నది ఇప్పటి ఫైల్. చివర 1 నుంచి 6 దాకా అంకెలు ఉన్నవి పాతవి. అన్నింటినీ కాపీ చేసుకుని, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

చాలామంది లాగ్ కిందికి పోయి ఆఖరి లైన్ చదువుతారు, లేదా ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించిన ఎర్ర గుర్తు పట్టుకుంటారు. అక్కడ దొరికేది చివరి ఫలితం. కారణం దానికి పైన ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో ఎర్రర్ అనే ఇంగ్లిష్ మాట, పక్కన కోలన్ పెట్టి పై నుంచి కిందికి వెతకండి. సర్వీస్‌ను పడగొట్టిన వరుసలో మొట్టమొదట వచ్చినది ఏదో పట్టుకోండి.

ఒక అసలైన వరుస ఎలా ఉంటుందో చూద్దాం. అప్‌డేట్ తర్వాత సర్వీస్ లేచి వెంటనే పడిపోతోంది. లాగ్ చివర 3417 ఉంది, మాస్టర్ డేటాబేస్‌ను రికవర్ చేయలేకపోతున్నానని. ఇది చదివినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. దానికి పైన 912, మాస్టర్‌కు స్క్రిప్ట్ అప్‌గ్రేడ్ విఫలమైందని. ఇంకా పైన 1802, డేటాబేస్ సృష్టించలేకపోయానని. అన్నిటికన్నా పైన 5133, డీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌లో టెంప్ ఎంఎస్ ఏజెంట్ సైనింగ్ సర్టిఫికెట్ డేటాబేస్ అనే ఫైల్ కోసం వెతికితే ఆ దారే కనిపించలేదని.

అసలు విషయం అదే. అప్‌గ్రేడ్ స్క్రిప్ట్ మధ్యలో ఒక చిన్న తాత్కాలిక డేటాబేస్‌ను సృష్టించి, పని అయ్యాక తీసేస్తుంది. దాన్ని సర్వర్‌కు డిఫాల్ట్‌గా పెట్టిన డేటా ఫోల్డర్‌లో సృష్టిస్తుంది. ఎప్పుడో ఎవరో ఆ డిఫాల్ట్‌ను డీ డ్రైవ్‌కు మార్చారు. తర్వాత ఆ ఫోల్డర్‌ను ఖాళీగా ఉందని తీసేశారు, లేదా డ్రైవ్ అక్షరం మారింది. రోజువారీ బిల్లింగ్‌కు ఆ ఫోల్డర్‌తో పనిలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. మాస్టర్‌కు ఏమీ కాలేదు. లాగ్‌లో చెప్పిన పేరుతోనే ఆ ఫోల్డర్‌ను మళ్లీ సృష్టించి, సర్వీస్ నడిచే అకౌంట్‌కు దాని మీద ఫుల్ కంట్రోల్ ఇచ్చి, సర్వీస్ స్టార్ట్ చేయండి. స్క్రిప్ట్ మళ్లీ మొదటి నుంచి నడిచి పూర్తవుతుంది.

3417 అని వెతికితే మాస్టర్ డేటాబేస్‌ను రీబిల్డ్ చేయమనే సలహా వస్తుంది. దయచేసి అది మొదటి మందుగా వాడకండి. రీబిల్డ్ చేస్తే లాగిన్‌లన్నీ పోతాయి, మీ డేటాబేస్‌లను ఒక్కొక్కటిగా మళ్లీ అటాచ్ చేసుకోవాలి. ఒక ఫోల్డర్ సృష్టిస్తే తీరే పనికి అంత శిక్ష అవసరం లేదు.

ఐదో దశ: కారణాన్ని బట్టి చికిత్స

*స్క్రిప్ట్ వేరే కారణంతో ఆగితే.* 912కు పైన ఫోల్డర్ కాకుండా యూజర్లు, రోల్స్, పర్మిషన్ల గురించి ఏదైనా ఉంటే సర్వర్ లోపలికి వెళ్లి సరిచేయాలి. సర్వరే లేవనప్పుడు లోపలికి ఎలా వెళ్తాం? అందుకోసమే 902 ట్రేస్ ఫ్లాగ్ (సర్వర్ నడిచే తీరును మార్చే స్విచ్) ఉంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో సర్వీస్ ప్రాపర్టీస్ తెరిచి, స్టార్టప్ పారామీటర్స్ ట్యాబ్‌లో మైనస్ గుర్తు, ఇంగ్లిష్ పెద్ద అక్షరం టీ, 902 అని మధ్యలో ఖాళీ లేకుండా చేర్చండి. సర్వీస్ అప్‌గ్రేడ్ స్క్రిప్ట్‌లను పక్కనపెట్టి లేస్తుంది. వెంటనే మీ డేటాబేస్‌కు బ్యాకప్ తీసుకోండి. లాగ్‌లో చెప్పిన లోపం సరిచేయండి. తర్వాత ఆ పారామీటర్ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఫ్లాగ్ అలాగే వదిలేసి "పనిచేస్తోందిగా" అని బిల్లింగ్ కొనసాగించకూడదు. అప్‌డేట్ సగంలో ఉన్న సర్వర్ అది.

*విండోస్ 11కు మారాక లేవకపోతే.* 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. దాంతో చాలా సిస్టమ్‌లు 11కు మారాయి, ఈ సమస్య కూడా విరివిగా కనిపించడం మొదలైంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 512 లేదా 4096 బైట్ల సెక్టర్ (డిస్క్ ఒకసారి చదివి రాసే అతి చిన్న ముక్క) సైజు ఉన్న డిస్క్‌ల మీదే పనిచేస్తుంది. కొన్ని కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల అసలు సైజు అంతకంటే పెద్దది. విండోస్ 10 డ్రైవర్లు ఆ సంగతి బయటికి చెప్పేవి కావు, విండోస్ 11 డ్రైవర్లు ఉన్నదున్నట్టు చెబుతాయి. అది విని ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆగిపోతుంది. ఎర్రర్‌లాగ్‌లో 256 మిస్ అలైన్డ్ లాగ్ ఐఓల గురించి ఒక లైన్ కనిపిస్తే దాదాపు ఇదే కారణం.

నిర్ధారించుకోవడానికి అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎస్‌యూటిల్ టూల్‌లోని సెక్టర్ఇన్ఫో కమాండ్‌ను సీ డ్రైవ్ మీద నడపండి. ఫిజికల్ బైట్స్ పర్ సెక్టర్ అని మొదలయ్యే లైన్లలో 4096 కన్నా పెద్ద అంకె, అంటే 16384 లేదా 32768 లాంటిది ఉంటే ఖాయం. మైక్రోసాఫ్ట్ చెప్పిన పరిష్కారం రిజిస్ట్రీలో ఉంది. లోకల్ మెషిన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, స్టోర్‌ఎన్‌వీఎంఈ, పారామీటర్స్, డివైస్ దాకా వెళ్లండి. అక్కడ ఫోర్స్‌డ్ ఫిజికల్ సెక్టర్ సైజ్ ఇన్ బైట్స్ అనే పేరుతో, ఇంగ్లిష్ పదాల మధ్య ఖాళీలు లేకుండా, మల్టీ స్ట్రింగ్ విలువ ఒకటి చేర్చి, అందులో నక్షత్రం గుర్తు, ఒక ఖాళీ, 4095 అని రాయండి. అవును, 4096 కాదు, 4095. కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. రిజిస్ట్రీ ముట్టుకునే ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవడం మరవకండి.

ఇక్కడే చాలామంది ఒక రోజంతా పోగొట్టుకుంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. డిస్క్ అదే కాబట్టి ఇన్‌స్టాలేషన్ కూడా చివర్లో విఫలమవుతుంది. ఇంకో వెర్షన్ తెస్తారు, అదీ అంతే. పైన చెప్పిన ఒక్క విలువతో తీరే పని ఇది.

*సర్వీస్ లేచింది గానీ మీ డేటాబేస్ పక్కన రికవరీ పెండింగ్ లేదా సస్పెక్ట్ (అంటే సర్వర్ దాన్ని తెరవలేకపోయింది) అని ఉంటే.* మళ్లీ లాగ్‌కే వెళ్లి ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ అంకె చూడండి. 5 అయితే ఫైల్ మీద పర్మిషన్ లేదు. 32 అయితే వేరే ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను పట్టుకుని ఉంది. యాంటీవైరస్సో, క్లౌడ్ బ్యాకప్ సాఫ్ట్‌వేరో కావొచ్చు. 2 లేదా 3 అయితే ఫైల్ గానీ ఫోల్డర్ గానీ అక్కడ లేదు. కారణం తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే డేటాబేస్ మామూలుగా లేస్తుంది. యాంటీవైరస్‌లో ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ ఫైళ్లను మినహాయింపులో పెట్టండి.

సస్పెక్ట్‌లో ఉన్న డేటాబేస్‌ను డిటాచ్ చేయకండి. ఈ వెర్షన్లు దాన్ని మామూలుగా డిటాచ్ చేయనివ్వవు, ఏదో దారిలో చేసినా తిరిగి అటాచ్ కాకపోవచ్చు. డేటా నష్టాన్ని అనుమతించే రిపేర్ కమాండ్ ఒకటి ఉంది. దాని పేరులోనే డేటా లాస్ అని రాసి ఉంది, ఆ మాటను నమ్మండి. పాడైన పేజీలో మీ మార్చి నెల బిల్లులు ఉంటే అవి తీసేసి "రిపేర్ అయింది" అంటుంది. మంచి బ్యాకప్ ఏదీ లేదని తేలాకే, అదీ కాపీ మీదే, దాని గురించి ఆలోచించాలి.

ఆరో దశ: సర్వర్ బాగుంది, క్లయింట్లకు అందట్లేదు

సర్వర్ మెషిన్ మీదే మేనేజ్‌మెంట్ స్టూడియో తెరిచి, సర్వర్ పేరు దగ్గర చుక్క, బ్యాక్‌స్లాష్, ఇన్‌స్టాన్స్ పేరు ఇచ్చి కనెక్ట్ కండి. అయిందంటే ఇంజిన్ క్షేమం. సమస్య దారిలో ఉంది. ఇక వరుసగా చూడాల్సినవి నాలుగు.

నెట్‌వర్క్ ప్రొఫైల్ మొదటిది. అప్‌డేట్ తర్వాత మీ నెట్‌వర్క్‌ను విండోస్ కొత్తదిగా భావించి పబ్లిక్‌లో పెడితే, ప్రైవేట్‌కు మాత్రమే రాసిన ఫైర్‌వాల్ రూల్ పనిచేయదు. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌కు మార్చండి. రెండోది ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ సర్వీస్. క్లయింట్లకు ఇన్‌స్టాన్స్ ఏ పోర్ట్ మీద ఉందో చెప్పేది ఇదే, యూడీపీ 1434 మీద. ఇది ఆగిపోతే క్లయింట్‌లో 26 నంబర్ ఎర్రర్ వస్తుంది, సర్వర్‌ను కనుక్కోలేకపోతున్నానని. మూడోది, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీఐపీ ఎనేబుల్ అయి ఉందో లేదో చూడాలి. నాలుగోది, సర్వర్ మెషిన్ ఐపీ అడ్రస్ రీస్టార్ట్‌తో మారిపోయిందేమో.

ఎక్స్‌ప్రెస్ లాంటి నేమ్డ్ ఇన్‌స్టాన్స్‌లు డైనమిక్ పోర్ట్ వాడతాయి. అది రీస్టార్ట్ తర్వాత మారవచ్చు. మారితే పోర్ట్ నంబర్‌తో రాసుకున్న ఫైర్‌వాల్ రూల్ వృథా. టీసీపీఐపీ ప్రాపర్టీస్‌లో ఐపీఆల్ దగ్గర డైనమిక్ పోర్ట్ గడి ఖాళీ చేసి, టీసీపీ పోర్ట్ గడిలో 1433 లాంటి స్థిరమైన నంబర్ పెట్టి, దానికే రూల్ రాస్తే ఈ బాధ శాశ్వతంగా పోతుంది.

ఏడో దశ: డ్రైవర్, ఎన్‌క్రిప్షన్

సర్వర్ లేచింది, దారి బాగుంది, అయినా సాఫ్ట్‌వేర్ కనెక్ట్ కాగానే వింత ఎర్రర్ ఇస్తోందంటే డ్రైవర్‌ను చూడాలి.

2022 నవంబర్ 8న వచ్చిన విండోస్ అప్‌డేట్లు దీనికి మంచి ఉదాహరణ. అవి పడ్డాక విండోస్‌తో పాటు వచ్చే పాత ఓడీబీసీ (సాఫ్ట్‌వేర్‌ను డేటాబేస్‌కు కలిపే పద్ధతి) ఎస్‌క్యూఎల్ సర్వర్ డ్రైవర్ వాడే సాఫ్ట్‌వేర్‌లలో కొన్నింటికి కనెక్షన్ పోయింది. టీడీఎస్ (పన్ను కాదు, ఎస్‌క్యూఎల్ సర్వర్ క్లయింట్లతో మాట్లాడే పద్ధతి) స్ట్రీమ్‌లో ప్రోటోకాల్ ఎర్రర్ అనో, సర్వర్ నుంచి తెలియని టోకెన్ వచ్చిందనో సందేశం. తప్పు విండోస్ అప్‌డేట్‌ది. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని 2023 జనవరి 10 అప్‌డేట్‌లో సరిచేసింది. ఆ రెండు నెలలూ సర్వర్‌ను ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా ప్రయోజనం ఉండేది కాదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వాడేవాళ్లకు 2019 నవంబర్ 12 గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఆఫీస్ అప్‌డేట్ తర్వాత బాగున్న అప్‌డేట్ క్వెరీలు చాలా "క్వెరీ కరప్ట్ అయింది" అంటూ 3340 ఎర్రర్ ఇచ్చాయి. ఒక్క క్వెరీ కూడా నిజంగా చెడిపోలేదు. అందుకే ఎర్రర్ నంబర్‌తో పాటు అప్‌డేట్ కేబీ నంబర్ (ఒక్కో అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తింపు నంబర్) కూడా కలిపి వెతకడం, ఆ కేబీ పేజీలో తెలిసిన సమస్యల విభాగం చదవడం తప్పనిసరి.

మీ సాఫ్ట్‌వేర్ ఏ డ్రైవర్ వాడుతోందో ఓడీబీసీ డేటా సోర్సెస్ తెరిచి చూడండి. డ్రైవర్ పేరు ఉత్త ఎస్‌క్యూఎల్ సర్వర్ అని ఉంటే అది పాతదే. సాఫ్ట్‌వేర్ కంపెనీతో మాట్లాడి ఓడీబీసీ డ్రైవర్ 17 లేదా 18కు మారడం మంచిది.

18కు మారినప్పుడు ఇంకో విషయం ఎదురవుతుంది. 18 నుంచి ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా తప్పనిసరి. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ నమ్మదగినది కాదనే ఎర్రర్ వస్తుంది. మేనేజ్‌మెంట్ స్టూడియో 20లోనూ ఇంతే. సర్వర్, క్లయింట్ ఒకే గదిలో, ఒకే స్విచ్ మీద ఉంటే ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ఆప్షన్ టిక్ చేస్తే పనవుతుంది. విజయవాడ బ్రాంచ్ నుంచి హైదరాబాద్ సర్వర్‌కు ఇంటర్నెట్ మీద కనెక్ట్ అవుతుంటే మాత్రం ఆ టిక్ పెట్టకండి, సరైన సర్టిఫికెట్ వేయించండి.

ఎనిమిదో దశ: అప్‌డేట్‌ను వెనక్కి తీయడం

కారణం దొరకలేదు, కౌంటర్ దగ్గర జనం ఉన్నారు, అప్‌డేటే కారణమని ఖాయం. అప్పుడే ఇది. విండోస్ అప్‌డేట్ అయితే అప్‌డేట్ హిస్టరీలోంచే అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది అయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల జాబితాలో ఉంటుంది. జాగ్రత్తగా ఆ అప్‌డేట్‌నే ఎంచుకోండి, మొత్తం ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను కాదు. విండోస్ 11కు మారినదైతే పది రోజుల లోపు గో బ్యాక్ ఆప్షన్ పనిచేస్తుంది. తీసేశాక అప్‌డేట్లను కొన్నాళ్లు పాజ్ చేయండి, లేకపోతే మళ్లీ ఆ రాత్రే వచ్చి కూర్చుంటుంది.

ఇంతా అయ్యాక కూడా లేవకపోతే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు "ఓపెన్ అవ్వట్లేదు" అని మాత్రమే చెప్పకండి. ఎర్రర్‌లాగ్ ఫైళ్లు, అప్‌డేట్ హిస్టరీ ఫొటో, ఎర్రర్ తెరమీద కనిపించిన పూర్తి సందేశం, మీరు ఇప్పటిదాకా చేసిన మార్పుల జాబితా పంపండి. అవతల ఉన్న మనిషికి సగం పని అయిపోతుంది.

తొమ్మిదో దశ: లేచాక చేయాల్సినవి

సాఫ్ట్‌వేర్ తెరుచుకోగానే బిల్లులు కొట్టడం మొదలుపెట్టకండి. నిన్న రాత్రి ప్రింట్ తీసిన చివరి బిల్లు కాగితం తీసుకుని, ఆ నంబర్, మొత్తం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయో చూడండి. సేవ్ అయిన బిల్లు తప్పకుండా ఉండాలి. సేవ్ నొక్కకముందే రీస్టార్ట్ అయిపోయిన బిల్లు ఉండదు, ఉండకూడదు కూడా. సగం పడిన లావాదేవీని లేచేటప్పుడు సర్వర్ వెనక్కి తీసేస్తుంది. స్టాక్ తగ్గి బిల్లు లేకపోవడం లాంటి తేడాలు రాకుండా కాపాడేది అదే.

తర్వాత డేటాబేస్ మీద డీబీసీసీ చెక్‌డీబీ (డేటాబేస్‌లో పాడైనవి ఉన్నాయేమో వెతికే కమాండ్) నడపండి. చివర అలోకేషన్ ఎర్రర్లు 0, కన్సిస్టెన్సీ ఎర్రర్లు 0 అని రావాలి. వచ్చాక పూర్తి బ్యాకప్ తీసి, వేరే డిస్క్‌లో పెట్టండి. ఇదే సమయంలో డేటాబేస్ సైజు కూడా చూసుకోండి. 2022 దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేస్‌కు పరిమితి 10 జీబీ. అది నిండితే సేవ్ కావడం ఆగిపోతుంది, అప్‌డేట్ మర్నాడే నిండిందంటే అందరూ అప్‌డేట్‌నే తిడతారు.

వచ్చే నెల రెండో మంగళవారానికి

ఇంత బాధపడ్డాక "అసలు అప్‌డేట్లే ఆపేద్దాం" అనిపించడం సహజం. ఆపేయకండి. 2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 మెషిన్ల మీద పడింది. పది నిమిషాల్లో ప్రపంచంలో దొరికినవాటిలో చాలావాటిని పట్టేసింది. అది వచ్చిన దారి అదే యూడీపీ 1434. ఆ లోపానికి ప్యాచ్ 2002 జూలైలోనే వచ్చింది, వేసుకోలేదంతే. ఎక్స్‌ప్రెస్‌కు ముందు తరం అయిన ఎంఎస్‌డీఈ ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్‌లకూ ఆ దెబ్బ తగిలింది. బ్రాంచ్‌ల కోసం రౌటర్‌లో 1433, 1434 పోర్ట్‌లు ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టినవాళ్లు ఈ రోజే మూసి, వీపీఎన్‌కు మారండి.

అప్‌డేట్ ఎప్పుడు పడాలో మీరు నిర్ణయించుకోండి, అది చాలు. సర్వర్ మెషిన్‌లో యాక్టివ్ అవర్స్‌ను మీ షాపు వేళలకు సరిపెట్టండి, 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. అప్‌డేట్లను ఐదు వారాల దాకా పాజ్ చేయవచ్చు. ప్రతి నెలా రెండో మంగళవారానికి ముందు పాజ్ పెట్టి, జీఎస్టీఆర్-1 అయ్యాక వచ్చే ఆదివారం మీరే తీసి వేసుకోండి. ఇతర మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల ఆప్షన్‌ను సర్వర్‌లో ఆపేస్తే, ఎస్‌క్యూఎల్ సర్వర్ అప్‌డేట్‌ను మాత్రం మీరే గుర్తుపెట్టుకుని దించుకోవాలి.

ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (వేళకు పనులు దానంతట అవే నడిపించే భాగం) ఉండదు కాబట్టి బ్యాకప్ దానంతట అది జరగదు. టాస్క్ షెడ్యూలర్‌లో రోజూ రాత్రి షాపు మూసే వేళకు ఎస్‌క్యూఎల్‌సీఎండీ (కమాండ్ లైన్ టూల్) ద్వారా బ్యాకప్ తీసేలా ఒక టాస్క్ పెట్టండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి తెరిచి చూడండి. ఆ కంప్యూటర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ అదే వెర్షనో, కొత్తదో అయ్యుండాలి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో రీస్టోర్ కాదు.

ఆదివారం అప్‌డేట్ వేశాక సర్వర్‌ను ఒకసారి మీరే రీస్టార్ట్ చేసి, ఎర్రర్‌లాగ్ మీద ఒక చూపు వేసి, క్లయింట్ సిస్టమ్ నుంచి ఒక బిల్లు కొట్టి క్యాన్సిల్ చేసి చూసుకోండి.